మూడో ఏడు ఎప్పుడండీ?

మలాకీ మూడు పది రాని తెలుగు క్రైస్తవుడు ఉంటే చూపించండి, దండ వేసి ఊరేగిస్తాను. పది ఆజ్ఞల్లో ఆరు గడగడా అప్పజెప్పి ఏడో దాని దగ్గర ఎందుకో దగ్గు తెచ్చుకునేవాళ్లున్నారు. కొండమీది ప్రసంగం ఏ సువార్తలో ఉందంటే గూగుల్ వైపు చూసేవాళ్లున్నారు. కానీ పదో వంతు తెచ్చి ఇస్తే ఆకాశం తెరుచుకుంటుందని చెప్పే ఆ ఒక్క వచనం మాత్రం పసిపిల్లల దగ్గర్నుంచి పండు ముసలి దాకా అందరికీ కంఠోపాఠం. కానుక కవరు మీద అదే అచ్చు, మందిరం గోడ మీద అదే పెయింటు. యూట్యూబ్ ప్రసారంలో అయ్యగారి గడ్డం కింద పరిగెత్తే అక్షరాలూ అవే. పక్కనే క్యూఆర్ కోడ్.

అదే పేజీలో, బెత్తెడు పైన, అయిదో వచనం ఉంది. అక్కడ దేవుడు కోర్టు పెడతాడు. సాక్షి ఆయనే, న్యాయమూర్తీ ఆయనే. బోనెక్కేవాళ్ల పేర్లు చదువుతుంటే మంత్రగాళ్లు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్లు వస్తారు. ఇంతవరకూ మనకు అభ్యంతరం లేదు, వాళ్లెవరో పక్క సంఘంలో ఉంటారు. వాళ్ల వెనకే కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లు, విధవరాలినీ తండ్రిలేని పిల్లల్నీ పీడించేవాళ్లు, పరదేశికి అన్యాయం చేసేవాళ్లు నిలబడి ఉంటారు. అయిదుకీ పదికీ నడుమ ఉన్నవి నాలుగే వచనాలు. అయితే మన ప్రసంగం ఎక్స్‌ప్రెస్ సర్వీసు, అయిదో నంబరు స్టేజీలో ఆగదు.

దశమభాగం ధర్మశాస్త్రంలోది, పాటించి తీరాలంటారు. పాటిద్దాం. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం తీయండి. కాస్త నెమ్మదిగా తీయండి. బంగారు అంచు బైబిళ్లలో అక్కడి కాగితాలు కొన్ననాటి నుంచీ ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి, లాగితే చిరుగుతాయి. పదో వంతుతో ఏం చేయాలో అక్కడ విడమరిచి చెప్పారు. పంటలో పదో వంతు తీసి, ఇంటిల్లిపాదీ దేవుని సన్నిధికి వెళ్లి, అక్కడ కూర్చుని తినాలి. అవును, తినాలి. దారి దూరమైతే పంట అమ్మేసి, డబ్బు పట్టుకెళ్లి, మనసుకు నచ్చింది కొనుక్కోవచ్చు. ఎద్దుమాంసం, గొర్రెమాంసం, ద్రాక్షారసం, ఆఖరికి మద్యం కూడా. (ఇరవయ్యారో వచనం. ఇది ప్రసంగాల్లోకి ఎందుకు రాదో అర్థం చేసుకోగలను. మద్యం ముట్టకూడదన్న మన సంఘాల పట్టుదల అలాంటిది.) సొంత భూమి లేని లేవీయుణ్ణి మాత్రం విడిచిపెట్టొద్దంటుంది. ఆయన వాటా ఉంది, కాదనను.

అసలు సంగతి ఆ తర్వాత. ప్రతి మూడో ఏటి చివరా ఆ ఏటి పదో వంతంతా ఊళ్లోనే ఉంచేయాలి. యెరూషలేముకు మోసుకెళ్లనక్కర్లేదు. దాన్ని తినేది లేవీయుడు, పరదేశి, తండ్రిలేని పిల్లలు, విధవరాలు. టోకెన్ చూపించి తలా ఒక పొట్లం పట్టుకెళ్లడం కాదు, వచ్చి కడుపునిండా తినాలి.

నలుగురు వాటాదారుల్లో ముగ్గురు ఏ కాలంలో తప్పిపోయారో చరిత్రకారులు తేల్చాలి. లేవీయుడొక్కడే మిగిలాడు. ఆయనకు వాటా పెట్టిందే సెంటు భూమి లేదని. ఇప్పుడు ఆయన భూముల వివరాలు కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసులో పూట పట్టేట్టుంది. పల్లెల్లో డొక్కు సైకిలు మీద మూడు పేటలు తిరిగి ప్రార్థన చేసే పాస్టర్లు నాకు తెలుసు. వాళ్లింట్లో నెలాఖరుకి బియ్యం డబ్బా అడుగు కనిపిస్తుంది. ఈ గొడవ వాళ్లతో కాదు. నిజానికి వాళ్లు కూడా ఆ తప్పిపోయినవాళ్లలోనే లెక్క.

ఇక ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖు. పొద్దున్నే సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి, వేలిముద్ర వేయించుకుని, చేతిలో నాలుగు వేలు పెడతాడు. వృద్ధులకూ వితంతువులకూ 2024 నుంచి అందుతున్న పింఛను అంత. మా వీధి చివరి మామ్మ ఆ నోట్లను కళ్లకద్దుకుని రెండుసార్లు లెక్కబెడుతుంది. ముందుగా నాలుగు వందలు విడదీసి తెల్ల కవర్లో పెట్టి, నాలుకతో తడిపి అంటిస్తుంది. ఆ తర్వాతే కిరాణా కొట్టు బాకీ, కరెంటు బిల్లు, మందుల షాపు.

“మామ్మా, బీపీ బిళ్ల రెండు పూటలా వేసుకోమన్నారుగా?”

“ఒక పూట వేసుకుంటే సరిపోద్దిలే బాబూ. దేవుడి సొమ్ములో చెయ్యి పెట్టకూడదు.”

తెలంగాణలో లెక్క కాస్త చిక్కు. అక్కడ ఏళ్లుగా నడిచిన ఆసరా పింఛను 2016 రూపాయలు. పదో వంతు తీస్తే 201 రూపాయల 60 పైసలు. అరవై పైసల సంగతి కోశాధికారి చూసుకుంటాడనుకోండి, ఆయన లెక్కల్లో గట్టివాడు.

కైసరువి కైసరుకీ, దేవునివి దేవునికీ ఇమ్మన్నాడు ప్రభువు. మనం దానికి కొత్త అమరిక చేశాం. కైసరు నెలనెలా మామ్మ గుమ్మం దాకా వచ్చి ఇచ్చిపోతాడు. దేవుని పేరు చెప్పి మనం ఆదివారం ఆదివారం పట్టుకుపోతాం. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె దశమభాగం తీసుకోవాల్సిన మనిషి. మన దశమభాగాల పుస్తకంలో ఆమె పేరు ఉంది కూడా, పన్నెండు నెలలకూ టిక్కులతో సహా. కాకపోతే ఇచ్చేవాళ్ల వైపు.

ఈ మాట అంటే పెద్దలు చిరునవ్వు నవ్వి మార్కు సువార్త తీస్తారు. “పేద విధవరాలి రెండు కాసులు మరిచిపోయావా బ్రదర్? ఉన్నదంతా వేసింది, ప్రభువు మెచ్చుకున్నాడు.” మరిచిపోలేదు. ఆ కథ పన్నెండో అధ్యాయం చివర్లో ఉంది. దానికి సరిగ్గా ముందు వచనాల్లో ఏముందో చూస్తారా? నిలువుటంగీలతో తిరిగేవాళ్ల గురించి జాగ్రత్త చెప్పాడు ప్రభువు. వాళ్లకు సంతలో నమస్కారాలు, సమాజమందిరంలో ముందు పీటలు, విందుల్లో పెద్ద స్థానాలు కావాలి. దీర్ఘ ప్రార్థనలు చేస్తారు. విధవరాండ్ర ఇళ్లు మింగుతారు. అలా మింగేవాళ్లకు శిక్ష మరీ ఎక్కువన్నాడు. ఆ మాట చల్లారకముందే అక్కడికి విధవరాలొచ్చి, బతకడానికి మిగిలిన ఆఖరి రెండు కాసులు పెట్టెలో వేసింది. ఆవెంటనే శిష్యుడొకడు, బోధకుడా, ఈ రాళ్లు చూడు, ఈ కట్టడాలు చూడు అని మురిసిపోయాడు. రాయి మీద రాయి నిలవదన్నాడు ప్రభువు.

ముందు ఇళ్లు మింగేవాళ్లు, వెనక కూలిపోయే భవనం, నడుమ ఆఖరి కాసు కూడా ఇచ్చేసిన ఆడమనిషి. మనవాళ్లు ముందుదీ వెనకదీ కత్తిరించి, నడుమ ముక్కను బిల్డింగ్ ఫండ్ ఆదివారం నాడు చదువుతారు. ఇంత నైపుణ్యంగా కత్తెర పట్టే చేతులుండీ మిషను కుట్టుకోకుండా వాక్యసేవలోకి ఎందుకొచ్చారో!

మనం ఏమీ ఇవ్వడం లేదనడం మాత్రం అన్యాయం. డిసెంబరు రానివ్వండి. ఒకటో తారీఖు నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. వేదిక మీద వెల్వెట్ సోఫాలు, వాటి మీద ఎమ్మెల్యే, మాజీ ఎమ్మెల్యే (ఇద్దరికీ నడుమ ఖాళీ సోఫా ఒకటి, శాంతి కోసం), రియల్ ఎస్టేట్ సోదరుడు, డివిజన్ స్థాయి నాయకులు. శాలువాలు, మెమెంటోలు, కేకు. కేకు కోసేటప్పుడు కత్తి మీద ఎన్ని చేతులు పడతాయంటే, కేకు కనిపించదు. లూకా పద్నాలుగులో ప్రభువు విందు చేసేవాళ్లకు చెప్పిన మాట, స్నేహితుల్నీ బంధువుల్నీ డబ్బున్న పొరుగువాళ్లనీ పిలవొద్దని. వాళ్లయితే తిరిగి పిలుస్తారు, లెక్క సరిపోతుంది. బీదల్నీ అంగవైకల్యమున్నవాళ్లనీ కుంటివాళ్లనీ గుడ్డివాళ్లనీ పిలవమన్నాడు. పిలుస్తున్నాం కదండీ, దుప్పట్లకు!

వేదిక కింద ఎడమ పక్క వరసలో ఇరవైమంది ముసలమ్మలు మధ్యాహ్నం మూడింటి నుంచి కూర్చుని ఉంటారు. దుప్పట్లు ఇచ్చేది రాత్రి తొమ్మిదిన్నరకు, ఎమ్మెల్యే వచ్చాక. పేరు పిలుస్తారు. ఒక అవ్వ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతుంది. ఆ మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, ఏర్పాట్ల కమిటీలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేరు. ఒక దుప్పటిని పదకొండు చేతులు పట్టుకుని ఆమెకు అందిస్తాయి. “అవ్వా, ఇటు చూడు. నవ్వు. ఒక్క నిమిషం, ఫ్లాష్ పడలేదు.” ఇచ్చిన దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. ఈసారి ఫొటో బాగా వచ్చింది. కోస్తాలో ఫ్యాను లేకుండా నిద్రపట్టని డిసెంబరు రాత్రి, అవ్వ ఆ దుప్పటి చంకన పెట్టుకుని, ఆటో దొరక్క నడుచుకుంటూ వెళ్లిపోతుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోబెట్టడం గురించి యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో రాసినప్పుడు ఆయనకు సోఫా అద్దెల వ్యాపారం తెలియదు.

అదే యాకోబు మొదటి అధ్యాయం చివర్లో, భక్తి అంటే తండ్రిలేని పిల్లల్నీ విధవరాండ్రనీ వాళ్ల కష్టంలో వెళ్లి చూడడం అన్నాడు. మనవాళ్లు వెళ్లి చూడడంతో ఆగలేదు, పదిమందికీ చూపించారు. హోమ్ పెట్టారు, బ్రోషర్ వేశారు. అట్ట మీద కన్నీటితో ఒక పాప, కింద బ్యాంకు ఖాతా వివరాలు. ఆ పాపకు తల్లి ఉంటుంది ఒక్కోచోట, పక్క మండలంలో మిరపకోతలకు వెళ్తూ. ఆ తల్లికి నెలకు కాస్త సాయం చేస్తే పిల్ల ఇంట్లోనే పెరుగుతుంది కదా అంటే, అప్పుడు బ్రోషర్ మీద ఎవరి ఫొటో వేయాలి? సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటోలు అచ్చువేయకూడదని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ అంటోంది. హోమ్‌ను రిజిస్టరు చేయించాలని 41వ సెక్షన్. యాకోబు పత్రికే పూర్తిగా చదవని చోట ఢిల్లీవాళ్ల పత్రం ఎవరు చదువుతారు?

రోగుల విషయంలో మన సేవ ఇంకా గొప్పది. స్వస్థత కూటాలకు మైదానాలు చాలడం లేదు. మత్తయి ఇరవయ్యయిదులో ఆఖరి తీర్పు రోజు రాజు అడిగేవాటిని వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు: ఆకలికి అన్నం, దాహానికి నీళ్లు, పరదేశికి చోటు, బట్ట లేనివాడికి బట్ట. రోగి దగ్గరికి వచ్చినపుడు మాత్రం బాగుచేశారా అని అడగడు, వచ్చి చూశారా అంటాడు. ఖైదీ విషయంలోనూ అంతే. విడిపించమనలేదు, వెళ్లి పలకరించమన్నాడు. అంత తేలిక పని పెట్టినందుకు మనకు చిన్నతనమనిపించి, లేపి నడిపించే పని నెత్తిన వేసుకున్నాం. చక్రాల కుర్చీని లైట్ల కిందికి తోసుకొస్తారు. కుర్చీలో అబ్బాయి లేస్తే సాక్ష్యం. లేవకపోతే వాడి విశ్వాసం తక్కువ. ఆ అబ్బాయి మర్నాడు ఆదివారం అదే సంఘానికొస్తే, మెట్ల దగ్గర ర్యాంపు ఉండదు. నలుగురు కుర్రాళ్లు ఎత్తి లోపల పెట్టాలి. వాడికి అది ఎలా ఉంటుందో ఎవరూ వాణ్ణి అడగలేదు. ప్రభుత్వ ఆసుపత్రి జనరల్ వార్డులో అటెండరు లేని మంచం పక్కన రాత్రి కూర్చోవడానికి మాత్రం మైకు అక్కర్లేదు కాబట్టి దానికి పిలుపు వచ్చినవాళ్లు తక్కువ. ఉన్నారు, స్త్రీల సమాజంలో ఇద్దరు ముగ్గురు, ఫ్లాస్కులో జావ పట్టుకుని వెళ్తారు. వాళ్ల ఫొటోలు ఎక్కడా లేవు.

కొడుకుల గురించి రెండు ముక్కలు. హైదరాబాదులోనో డల్లాసులోనో కూర్చుని టీవీ పరిచర్యకు నెలనెలా తప్పకుండా పదో వంతు పంపి, తల్లికి మాత్రం “చూద్దాంలేమ్మా” అనే బిడ్డల్ని ప్రభువు ముందే చూశాడు. మార్కు ఏడులో వాళ్ల పద్ధతి పేరు కొర్బాను. అమ్మానాన్నలకు దక్కాల్సింది దేవుడికి మొక్కేశాను అని తప్పుకోవడం. తిట్టాడు వాళ్లను. అలా వచ్చిన డబ్బును ఏ పరిచర్య అయినా తిప్పి పంపిందని నేను వినలేదు. రసీదు మాత్రం వెంటనే వస్తుంది, ఆశీర్వాదాలతో.

పరదేశి సంగతి కూడా చూద్దాం, ఆయన కూడా వాటాదారే. ఒడిశాలోని బలాంగీర్, నువాపడల నుంచి అడ్వాన్సు తీసుకుని తెలంగాణ ఇటుక బట్టీలకు కుటుంబాలు కుటుంబాలే వస్తాయి. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. కొత్త మందిరానికి ఇటుక ఎంత బాగా కాలిందో మెచ్చుకుంటాం, దాన్ని అచ్చుపోసిన పిల్లాడి బడి గురించి అడగం. చిత్రమేమిటంటే నిర్గమకాండం మొదలయ్యిందే ఇటుకలు చేసేవాళ్ల మొరతో. ఆ మొర విన్న దేవుడికి ఆ ఇటుకలతోనే గుడి కట్టి, ప్రతిష్ఠ నాడు నిర్గమకాండం చదువుతాం.

ఇదంతా ఇలాగే ఉండేదా అంటే, కాదు. 1876లో మొదలైన మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా మాదిగలకు, పని చూపించాడు. కూలి ఇచ్చాడు. అంతకంటే విచిత్రం, కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. అన్నం కోసం పేరు మార్చుకున్నారనే మాట వాళ్ల మీద పడకూడదని. కరువు తగ్గాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2222 మంది నీళ్లలో మునిగారు. ఈ 2222 సంఖ్య మన సువార్త సభల్లో ఏటా మోగుతుంది. దాని ముందున్న ఆ నెలల ఆపుదల మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడైతే తట్ట నెత్తికెత్తకముందే ఫేస్‌బుక్ లైవ్ మొదలయ్యేది.

అలాగే నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి నడిపింది. దానికి పెద్ద దాత నర్సాగౌడ్, హిందువు. దెబ్బతిని దారిలో పడి ఉన్నవాణ్ణి యాజకుడూ లేవీయుడూ దాటిపోతే ఆగింది ఎవరో మనకు ఆదివారపు బడిలోనే చెప్పారు. ఆ పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగునేల మీద దొరకదు. కానీ మన స్టేజీ నాటకాల్లో సమరయుడు ఎప్పుడూ మన సంఘం టీషర్టే వేసుకుని ఉంటాడు.

పంపకంలో పక్షపాతం కొత్త రోగం కాదు, ఒప్పుకుంటాను. యెరూషలేము తొలి సంఘంలోనే రోజువారీ వడ్డనలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను పక్కనపెడుతున్నారని గొడవ లేచింది, అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం. అపొస్తలులు సణుగుడు ఆపండి అనలేదు. ఉపవాస ప్రార్థన ప్రకటించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైనవాళ్ల పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరి కంచం ఖాళీగా ఉందో వాళ్ల మనుషులకే గరిటె ఇచ్చేశారు. మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి కట్టుకుని, ఇద్దరికీ ప్రభువొక్కడే అని పాడుకునే ఊళ్లలో, ఒక పేట విధవరాలి పేరు రెండో పేట జాబితాలో ఎక్కాలంటే ఏ అపొస్తలుడు దిగిరావాలి?

మా సంఘం వార్షిక సమావేశంలో నేను లేచి ఒక్క ప్రశ్న అడిగాను. “ఇది ఎన్నో ఏడండీ? మొదటిదా, రెండోదా, మూడోదా?” కోశాధికారి గారు సంఘం వయసు అనుకుని నలభై రెండో ఏడు అన్నారు. నలభై రెండును మూడు భాగిస్తుంది, అయితే ఇదే మూడో ఏడు, ఈసారి కవర్లన్నీ పేటలోనే ఉంచేద్దాం అన్నాను. కాసేపు ఎవరూ దగ్గలేదు. అయ్యగారు కళ్లు మూసుకుని “ప్రార్థన చేద్దాం” అన్నారు. సుదీర్ఘంగా చేశారు. ఆమెన్ అయ్యేసరికి ఎజెండాలో తర్వాతి అంశం నడుస్తోంది: ఎల్‌ఈడీ తెర.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరం వాగ్దాన కార్డులు తీస్తాం కదా. ఏటా ఆ కార్డుల్లో తలే గాని తోక రాదు, పై మెట్టే గాని కింది మెట్టు రాదు. ఈసారి ద్వితీయోపదేశకాండం 14:29 ఒక వంద కార్డులు వేయమని ప్రెస్సాయనకు చెప్పాను. ఆయన కంప్యూటర్లో వచనం తీసి చదువుకుని, కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

“ఇది వాగ్దానం కాదండీ, ఖర్చు.”

“చివర్లో చూడండి, ఇలా చేస్తే నీ చేతి పనంతా దీవిస్తాడని ఉంది.”

“ఉందా?” అని మళ్లీ చూసి, మౌస్‌తో గీత గీసుకుంటూ అన్నాడు, “అయితే ఆ సగం వేసేద్దాం.”